పళ్లెంలో పురుగులు

మా మేనత్త పోయింది. పన్ను పుచ్చి పోయింది. మొదటి మాటకు అయ్యో అన్నవాళ్లే రెండో మాటకు నన్ను వింతగా చూస్తున్నారు. "పంటి నొప్పికి ఎవరన్న సస్తరా?" అని చావింట్లోనే నలుగురు అడిగారు. చస్తారు. నేను కొత్తగూడెంలో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గర పనిచేస్తాను. అక్కడికి గంట దూరంలో, చండ్రుగొండ పక్క ఊళ్లో మా అత్త చచ్చిపోయింది. అందుకే ఇది నెమ్మదిగా రాయడం నా వల్ల కావడం లేదు.

అమ్మ లేని నాకు జడ వేసింది, బడికి తరిమింది అత్తే. పత్తి చేను చేసుకునేది, ఎండాకాలం బీడీల తునికాకుకు అడవికి పోయేది. పంటి నొప్పి వస్తే మాత్రం ఊరంతా ఆమె గడపలోనే కూర్చునేది. చేని గట్ల మీద ముళ్లతో పాకే వాకుడు చెట్టుకు పసుపుపచ్చ కాయలు కాస్తాయి. వాటి గింజలు ఎండబెట్టి డబ్బాలో దాచేది. ఇనుప గరిటె ఎర్రగా కాల్చి, నూనె చుక్క వేసి, గింజలు చల్లి, నీళ్ల పళ్లెం మధ్యలో పెట్టేది. నొప్పి మనిషి నెత్తిన దుప్పటి కప్పుకుని ఆ పొగకు నోరు తెరవాలి. కాసేపటికి పళ్లెంలో సన్నని తెల్ల పురుగులు తేలేవి.

"ఇన్ని దినాలు ఏం పీకినవ్? సూడు, ఎంతగనం ఉన్నయో!" అని ముందు తిట్టేది. తర్వాత ఆ మనిషికి గోరువెచ్చగా జావ పోసేది. ఎవరినీ ఖాళీ కడుపుతో పంపింది లేదు. నాకు పని దొరికిన రోజు వాడంతా తిరిగి, "మా కోడలు పిల్ల గూడ పళ్ల పనే జేస్తది" అని చెప్పుకుంది.

పళ్లలో పురుగులుండవని డాక్టరమ్మ నాకు మొదటి వారమే చెప్పింది. పళ్ల సందుల్లో మిగిలిన తిండిని కంటికి కనపడని క్రిములు పులియబెడతాయి, ఆ పులుపుకు పన్ను కరుగుతుంది. తీపికో చన్నీళ్లకో జివ్వుమన్నప్పుడే వస్తే చాలావరకు ఆ గుంతలో సిమెంటు నింపితే పోతుంది. వేడికి సలుపుతూ, పడుకుంటే ఎక్కువైతే లోపలి నరం దాకా పోయినట్టు. ఆ తర్వాత ఒకరోజు నొప్పి దానంతటదే పోవచ్చు. అది నరం చచ్చిపోవడం. కింద చీము తన పని తాను చేస్తూనే ఉంటుంది.

ఒక సెలవుకు ఊరెళ్లి, అత్త చూస్తుండగా గరిటె కాల్చి గింజలు చల్లాను. దాని మీద ఏ నోరూ లేదు. అయినా పళ్లెంలో అవే పురుగులు తేలాయి. గింజ పగిలితే లోపలి తెల్లని మొలక బయటపడుతుంది, అంతే. అత్త వంగి పళ్లెంలోకి చూసింది. పళ్లెం ఎత్తి వాకిట్లోకి విసిరికొట్టింది.

"ముప్పై ఏండ్ల నా చెయ్యి అబద్ధమా? నిన్ను సదివిచ్చింది గిందుకేనా?"

ఆ చలికాలమంతా నాతో మాట్లాడలేదు. నేను తట్టుకోలేకపోయాను. వెళ్లి, "నాదే తప్పు అత్తా, అవి పురుగులే" అన్నాను. నాటుకోడి కోసి పెట్టింది. నా జీవితంలో అంత సిగ్గుమాలిన ముద్ద ఇంకొకటి తినలేదు.

మొన్న పత్తి ఏరే రోజుల్లో ఆమె దవడ పన్నుకే నొప్పి మొదలైంది. కొత్తగూడెం రమ్మంటే "పత్తి ఏరుడు అయినంక వస్త" అంది. తనకు తానే పొగ పట్టుకుంది. మూడో రోజు ఫోను చేసింది.

"నొప్పి పోయింది పిల్లా. పురుగులన్నీ పడ్డయి."

నాకు తెలుసు. ఆ క్షణమే బస్సెక్కాలి. మళ్లీ మాట మానేస్తుందన్న భయంతో, "మంచిగైంది అత్తా" అన్నాను.

నాలుగు రోజులకు గడ్డం కింద గట్టిగా వాచింది. జ్వరం. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు, ఉమ్మి మింగలేకపోయింది. ఆ గంటలోనే పెద్ద దవాఖానాకు పరుగెత్తాలి, ఆ వాపు గొంతును మూసేస్తుంది. ఇంట్లోవాళ్లు సున్నం, పసుపు పట్టు వేసి ఒక రోజంతా చూశారు. కబురంది నేను వెళ్లేసరికి అత్త నా చెయ్యి పట్టుకుంది, మాట రాలేదు. ఖమ్మం దవాఖానాకు పోయే దారిలోనే ఊపిరి ఆగిపోయింది.

అత్త మొండితనం మీద నాకు కోపం. పట్టు వేసిన చేతుల మీద కోపం. అన్నీ తెలిసి "మంచిగైంది" అన్న నా నోటి మీద ఉన్నంత కోపం మాత్రం ఎవరి మీదా లేదు. అత్తా, నువ్వు నాతో జన్మంతా మాట్లాడకపోయినా బాగుండేది.

పదో రోజున చుట్టాలంతా ఉండగా ఎదురింటి వదిన చెంప తడుముకుంటూ వచ్చింది.

"ఆ గింజలు ఉన్నయా? జర పొగ పెట్టు."

"ఎన్ని రోజులాయె వదినా?"

"వారం సలిపింది. పొద్దుగాల్నుంచి నొప్పి లేదు. అవ్, లేనప్పుడు పొగెందుకు, పోత తియ్."

వెనక్కి తిరిగింది. ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఏందిది? ఇడువ్!"

విడవలేదు. అందరూ చూస్తుండగా లాక్కెళ్లి ఆటోలో కూర్చోబెట్టాను. కొత్తగూడెం దాకా నన్నూ, నా చదువునూ, మా వంశాన్నీ తిట్టింది. తిట్టు తిట్టుకూ ఆమె నోరు నిండుగా తెరుచుకుంటోంది. దారి పొడుగునా ఆ నోటినే చూస్తూ కూర్చున్నాను.