గొర్రె మెదడులో బెదురు

మాంసం అంగడాయన మొదటిరోజు నన్ను చూసి నవ్వినాడు. పొద్దున ఆరుగంటలకు థర్మకోల్ డబ్బాలో ఐసు ముక్కలు పోసుకుని పోయి, "అన్నా, మూడు మెదళ్ళు కావాల. చితక్కుండా తీసియ్యాల," అని అడిగినాను.

"వేపుడుకు చితికితే ఏమమ్మా?" అన్నాడు.

"వండేదానికి కాదన్నా. చదువుకు."

కత్తి కిందపెట్టి నన్ను ఎగాదిగా చూసినాడు. "గొర్రె మెదడుతో చదువా! ఇదేం చదువు తల్లీ," అన్నాడు. అంటూనే తలలు మెల్లగా చీల్చి, మెదళ్ళు నలగకుండా తీసి ఐసు మీద పెట్టినాడు.

అప్పుడు నేను అనంతపురంలో బయోకెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నాను. రెండువేల సంవత్సరం దాటినాక వానలు వరసగా ఎగ్గొట్టిన ఏండ్లు అవి. మా గైడు సార్ నాకిచ్చిన అంశం చెప్పుకునేదానికి సులువే. మెదడులో ఒక నరం ఇంకో నరానికి కబురు పంపేది రసాయనాలతో. కబురు అందినాక ఆ రసాయనాలను విరగ్గొట్టి ఊడ్చేసే ఎంజైము ఒకటుంది. ఆ ఎంజైముకు కళ్ళెం వేసే పదార్థాన్ని కూడా ఒళ్ళే తయారుచేసుకుంటుంది. ప్రాణి బెదిరినప్పుడు అది ఎక్కువ ఊరుతుందని మేం చదివినాం. గొర్రెల్లో అది ఎంత ఉంటుందో చూడటం నా పని. మెదడును ఐసులోనే మెత్తగా రుబ్బి, తేట తీసి, ఎంజైముతో కలిపి మిషనులో పెడితే అంకె వస్తుంది. కళ్ళెం ఎంత బిగిస్తే అంకె అంత కిందికి దిగుతుంది.

ఎండాకాలం వచ్చేసరికి హాస్టలు ఖాళీ అయింది. సార్ పిల్లల దగ్గరికి బెంగళూరు పోయినాడు. మెస్సు మూసినారు. ల్యాబులో నేనూ, గోడ మీద బల్లీ, కరెంటు ఉన్నప్పుడు గుయ్యిమనే ఫ్రిజ్జూ. పొద్దున అంగడాయనతో నాలుగు మాటలు మాట్లాడితే మళ్ళీ మరుసటిరోజు దాకా నా గొంతు నాకు వినపడేది కాదు. ఒకసారి బీకరులతో మాట్లాడుతున్నానని తెలిసి నాకే సిగ్గేసింది.

ఆదివారం మాత్రం ఫోను. రాయదుర్గం పక్క, గుమ్మఘట్ట దగ్గర మా ఊర్లో ఒకే అంగట్లో ఫోనుండేది. పదిగంటలకు నాయన ఆడికి వచ్చి కూర్చునేవాడు. అమ్మ నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే పోయింది. ఆ తర్వాత ఇంట్లో నాయనా నేనూ, దొడ్లో జీవాలు. మా పక్క గొర్రెలను జీవాలనే అంటాం. నాయనకు తన గురించి చెప్పుకోవడం రాదు. ఎట్లుండావు నాయనా అంటే, "నల్లమొగందానికి రెండు పిల్లలు పుట్టినాయి," అనేవాడు. అదే ఆయన క్షేమసమాచారం.

నా పని గురించి ఒకసారి అడిగితే, బెదురు మెదడులో ఏం చేస్తుందో చూస్తున్నానని చెప్పినాను. నాయన నవ్వినాడు. "బెదురు మెదడులో యాడుంటాదమ్మా? కాళ్ళలో ఉంటాది. తోడేలు వాసనొస్తే ముందు కాళ్ళే చెప్తాయి."

మే నెలలో ఒక ఆదివారం నాయన జీవాల మాటే ఎత్తలేదు. ఎండ ఎక్కువైందన్నాడు, తిన్నావా అన్నాడు, పెట్టేసినాడు.

మంగళవారం పొద్దున అంగడికి పోతే చెక్క మీద మూడు తలలు వరసగా ఉండాయి. మూడింటికీ ఎడమచెవికి కింద రెండు గాట్లు, కుడిచెవికి కొన తెగి ఉంది. మంద మందకూ ఒక గుర్తుంటుంది. ఇది మాది. చిన్నప్పుడు నేను గొర్రెపిల్లలను ఒడిలో గట్టిగా పట్టుకుంటే నాయన బ్లేడుతో గాటు పెట్టి, పసుపు అద్దేవాడు. మూడో తల నల్లమొగందే.

"యాడివన్నా ఇవి?" అన్నాను.

"రాయదుర్గం పక్కవి. సంతలో కొని లారీలో ఏసినారు. పాపం, దారంతా నీళ్ళు కూడా లేకుండా నిలబడే వచ్చినాయి. ఈ నెలంతా ఇట్లాంటివే వస్తాండాయి. ఏమ్మా, అట్లుండావు?"

"ఏం లేదన్నా. తియ్యి."

ఎందుకు తియ్యమన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వద్దని వెనక్కి వచ్చేయొచ్చు. ఏడ్వొచ్చు. డబ్బా పట్టుకుని ల్యాబుకు నడిచినాను. రుబ్బినాను, తేట తీసినాను, మిషనులో పెట్టినాను. అంకె ఎప్పుడూ లేనంత కిందికి దిగింది. మళ్ళీ పెట్టినాను. మూడు మెదళ్ళదీ అదే కథ. ఏడాదిన్నరగా నేను ఎదురుచూస్తున్నది ఆ అంకెలకోసమే. పక్కన ఇంకో మనిషి ఉంటే చెప్పేదాన్నేమో. కాగితం మీద రాసి, చేతులు కడుక్కుని, స్టూలు మీద కూర్చుండిపోయినాను.

మరుసటిరోజు ఊరికి పోయినాను. నాయన ఇంటి ముందర గడపకు ఆనుకుని కూర్చుని ఉండాడు. పగటిపూట ఆయనను ఇంటిదగ్గర చూడటం నాకు అదే మొదలు. దొడ్డి తడిక తెరిచే ఉంది.

"అమ్మినావా నాయనా?"

"మేత లేదు. బోర్లు ఎండినాయి. పెట్టుకుంటే కండ్లముందరే పడిపోతాయి."

"నాకు ఒక మాట చెప్పకూడదా?"

"చెప్తే ఏం చేస్తావు? నీ చదువు పాడవుతాది."

మంగళవారం నేను చూసిన చెవులగురించి చెప్పినాను. నాయన తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, నావైపు చూడకుండా అడిగినాడు.

"నువ్వు మెదడులో బెదురు చూస్తావు కదా. మనవి బెదిరినాయా?"

"లేదు నాయనా," అన్నాను.

"అబద్ధం చెప్పొద్దు. లారీ ఎక్కిచ్చింది నేనే. నేను పిలిస్తేనే ఎక్కినాయి. లోపలికి పోయినాక కాళ్ళు వణికినాయి."

నేను తల దించుకున్నాను. ఆయనే మళ్ళీ, "మనిషికీ ఊరుతాదా అది?" అన్నాడు.

"ఊరుతాది."

"ఎన్నాళ్ళకు దిగుతాది?"

చదివిన కాగితాలన్నీ మనసులో తిరగేసినాను. ఎంజైము గురించి చెప్పగలను, కళ్ళెం గురించి చెప్పగలను. "తెలీదు నాయనా," అన్నాను. ఆయన తల ఊపి, లేచి పొయ్యి ముట్టించి రాగిసంగటి కెలికినాడు. ఇద్దరం తిన్నాం. రెండుగంటల బస్సుకు తిరిగి వచ్చినాను.

సార్ సెలవు నుంచి వచ్చి ఆ అంకెలు చూసి ఎగిరి గంతేసినంత పనిచేసినాడు. తర్వాత నిదానించి, మూడు తలలతో ఏం తేలదు, దప్పికో, ఎండో, దారిలో ఐసు కరిగిందో, అన్నీ చూడాల అన్నాడు. నిజమే. వానాకాలం దాకా లారీలో వచ్చినవాటిని ఇంకా చూసినాను. కొన్నిట్లో అంకె పడింది, కొన్నిట్లో పడలేదు. తేలిందేమంటే, తేలలేదని. థీసిస్ అట్లే రాసినాను. ఆ మూడింటిని మాత్రం పట్టికలో వేయలేదు.

నాయన ఆ ఏడే కన్నడ పక్క ఒకాయన మందకు జీతానికి కుదిరినాడు. ఫోనులో జీవాల గురించి చెప్పేవాడు కానీ, "మన" అనే మాట వాడేవాడు కాదు.

చివరి పరీక్షకు బయటనుంచి వచ్చిన ప్రొఫెసర్ నా ల్యాబు నోటు పుస్తకం తిరగేసి ఒకచోట ఆగినాడు. "ఈ మూడు విలువలు బాగున్నాయి కదమ్మా. ఎందుకు వదిలేసినారు?"

"ఎక్కడినుంచి వచ్చినాయో వివరాలు సరిగ్గా లేవు సార్," అన్నాను.

ఆయన సరేనని పుట తిప్పినాడు. డిగ్రీ వచ్చింది. సార్ టీ తెప్పించినాడు, అందరూ తాగి ఎవరి దారిన వాళ్ళు పోయినారు. నేను గ్లాసులన్నీ కడిగి బోర్లించి, తాళం వేసుకుని, హాస్టలుకు నడిచినాను.