సారు నన్ను మాత్రం తిట్టరు

తమిళనాడులో మా రాజపాళయంలోని విశ్వవిద్యాలయ సంగీత విభాగంలో నలభై తొమ్మిదో ఏట వయొలిన్ తరగతిలో చేరాను. మా సారు నాకంటే పదేళ్ళు చిన్న. ఆయనా ఇంట్లో మాలాగే తెలుగే మాట్లాడతారు. అందరినీ తిడతారు, నన్ను తప్ప. అది గౌరవమని నేను నమ్మలేదు. తరగతిలో తిరిగే నాలుగు ఫ్యాన్లూ మా అన్న మిల్లు ఇచ్చినవి. రెక్కల మీద మిల్లు పేరు కూడా ఉంది. నా అనుమానమంతా వాటి మీదే.

నా పక్కన కూర్చునే తళవాయిపురం అమ్మాయి కమాను కాస్త వంకరగా లాగితే చాలు, "ఏమ్మా, దూది ఏకుతుండావా?" అని అరుస్తారు. నేనెలా లాగినా ఒకటే మాట: "బాగుండాదమ్మా." వచ్చే నెల ప్రాక్టికల్ పరీక్షకు బయటి ఊరి నుంచి పరీక్షకురాలు వస్తుంది. ఆమెకు మా ఫ్యాన్లతో ఏం పని? ఆమె ముందు తప్పు వాయిస్తే నా పరువేం కాను?

అందుకే ముందు నేనే ఆయనకు పరీక్ష పెట్టాను. మోహన వర్ణంలో గాంధార స్వరాన్ని కావాలనే శ్రుతి దించి వాయించాను. అమ్మాయి పళ్ళు పులిసినట్టు మొహం పెట్టింది. సారు తాళం ఆపలేదు.

"బాగుండాదమ్మా."

కమాను కింద పెట్టాను. "సారూ, మా ఫ్యాన్ల కోసరం చెప్తుండారా, నా వయసు కోసరం చెప్తుండారా?"

"ఏ ఫ్యాన్లమ్మా?" అంటూ పైకి చూశారు. అది నటనేమోనని ఇప్పటికీ నా అనుమానం.

జవాబు అమ్మాయి చెప్పింది. "అత్తా, మొదటి వారం సారు మీ వేలు తప్పని చెప్పినారు. మీరు కాదని ముప్పావు గంట సండ పెట్టుకున్నారు. ఆ పొద్దు మాకెవరికీ పాఠమే లేదు. మరచిపోయినారా?"

మరచిపోలేదు. ఆ రోజు తప్పు ఆయనదే.

"మీతో వాదించేదానికి నాకు తెంబూ ఓపికా లేవమ్మా," అన్నారు సారు.

"ఇక మీదట చెప్పండి. నోరెత్తను."

"మీరా!" అమ్మాయి కిసుక్కుమంది.

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, శ్రద్ధగా, సరిగ్గా వాయించాను. మొదటి ఆవర్తం ముగియకముందే సారు చెయ్యి ఎత్తారు.

"గాంధారం తక్కువమ్మా. ఇందాకటి మాదిరే ఉండాది. రోజూ ఇంతే."

నోరు తెరిచాను. పక్కకు చూశాను. అమ్మాయి మొహం మళ్ళీ పళ్ళు పులిసినట్టే ఉంది. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో అనుకుంటూనే, నోరు మూసుకుని, వేలిని నువ్వుగింజంత పైకి జరిపాను.