బోర్డుల మామను చంపిన జానెడు తీగ

మీ బోరు దగ్గర స్టార్టరు పెట్టె తెరిచి, లీకేజీ వస్తే మోటారును ఆపే లోపలి బోర్డు నిజంగా పనిచేస్తోందో లేదో మీరు చివరిసారి ఎప్పుడు చూశారు? జవాబు కోసం తడుముకుంటున్నారంటే ఈ మాటలు మీకోసమే. బోర్డుల మామ పోయాడు. పోయిన గురువారం పొద్దున, నల్లమాడ దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోటలో, తన చేత్తో చేసిన బోర్డు కళ్లెదుటే ఉండగా కరెంటు కొట్టి పోయాడు. ఆ బోర్డును పని చేయనీయకుండా ఎవరో అందులో జానెడు తీగ వేశారు. కదిరి బస్టాండులో ఆటోలోకి మనుషుల్ని ఎక్కించుకుంటుంటే నాకు ఫోను వచ్చింది. ఎక్కినవాళ్లను దించేసి పోయాను. అప్పుడు పుట్టిన కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాయాలని కూర్చున్నాను.

మామ మా ఎదురింటాయన. చుట్టరికం లేదు, పిలుపే చుట్టరికం. ఇంటి ముందుగదిలో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడు. తర్వాత రైతుల మోటార్లకు బోర్డులు చేయడమే ఆయన పనైపోయింది. నేను ఏ వేదాంత కళాశాల మెట్లూ ఎక్కలేదు, పగలు ఆటో తోలుతాను, ఆదివారం వాక్యం చెబుతాను. ఆయనా ఏ ఐటీఐ మెట్లూ ఎక్కలేదు, పాడైన రేడియోలు విప్పి నేర్చుకున్నాడు. అందుకే మాకు పడేది. నేను లేఖనం చంకలో పెట్టుకుని వెళ్లేవాణ్ని. ఆయన సోల్డరింగు పొగ మొహం మీద నుంచి ఊదుకుంటూ వినేవాడు.

ఒకసారి మా ప్రార్థన మందిరం ఆంప్లిఫయరు చెడిపోతే తీసుకెళ్లాను. గోరంత నల్లటి చిప్పు బయటికి లాగి నా అరచేతిలో పెట్టాడు. ఎనిమిది కాళ్లు. ఆప్‌ఆంప్ అన్నాడు.

“దీనికి రెండు చెవులు అల్లుడూ. ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. యా చెవిలో ఏం పడినా దీనికి పట్టదు. రెండిటికీ మధ్య తేడా ఎంతుండాదో అదొక్కటే కావల్ల. ఆ తేడాను లక్ష రెట్లు చేసి అరుస్తాది.”

“మంచిదే కదా మామా.”

“ఏం మంచి? రోంత తేడా వచ్చినా మిద్దెకు తగిలేదాంక లేస్తాది, ల్యాకుంటే నేలకు పడతాది. మధ్యలో మాటే ఉండదు. అచ్చం నీ ప్రసంగం మాదిరి.”

నేను ముఖం ముడుచుకున్నాను. ఆయన పట్టించుకోలేదు.

“అందుకే బయటికొచ్చిన మాటలో రోంత తీసి, రెసిస్టరు గుండా మళ్లీ మైనస్సు చెవిలో పోస్తాం. తానేం మాట్లాడతాందో తాను వింటాది, దిద్దుకుంటాది. పది రెట్లు చేయమంటే పది రెట్లే, ఇంకో మాట ల్యా.”

“మరి బాక్సు ముందర మైకు పెడితే కూస్తాది కదా. అదీ తన మాట తాను వినడమే కదా?”

“అది ప్లస్సు చెవిలో పడినట్ల. పొగడ్త. పొగిడితే ఎవురన్నా కూస్తారు. నీకు మైనస్సు రెసిస్టరు వేసేటోడే ల్యాకపోయినాడు అల్లుడూ.”

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. చిప్పులను ముక్కుపొడి డబ్బాలో, తెల్లటి థర్మకోలు ముక్కకు గుచ్చి దాచేవాడు. షాకు కొడితే చెయ్యి దాన్నే పట్టేసుకోకుండా, ఏ ఇనుమునైనా మడిచిన వేళ్ల వెనకవైపుతోనే తాకేవాడు, తన ఇంటి గేటునైనా సరే, నా ఆటోనైనా సరే. బోర్డు తయారైతే దానికి ఉత్తుత్తి లీకేజీ ఇచ్చి, తల పక్కకు వాల్చి, కరెంటు తెంచే రిలే చప్పుడు వినేవాడు. టక్. “ఈ చప్పుడే దీని పానం” అనేవాడు. ఆ చప్పుడు ఒక్క క్షణం ఆలస్యమైనా బోర్డు గడప దాటనిచ్చేవాడు కాదు.

ఆ బోర్డు ఏం చేస్తుందో కూడా నాకు చెప్పాడు. మోటారుకు పోయే మూడు తీగలనూ ఒకే రింగులోంచి పోనిస్తాడు. పోయిన కరెంటంతా తిరిగి వస్తే రింగులో ఏమీ పుట్టదు. “రోంత తక్కువొచ్చిందంటే యాడికో పోతాందనే కదా. నేలలోకన్నా పోవల్ల, మనిషిలోకన్నా పోవల్ల.” రింగులో పుట్టేది చాలా చిన్నది, ఈగ రెక్క కదిలినంత. “ఈ చిప్పులో ఇట్లాటోళ్లు ఇద్దరుండారు. ఒకడు ఆ చిన్నదాన్ని పెద్దది చేసి చెప్తాడు. రెండోవానికి మైనస్సు రెసిస్టరు వేయలేదు, కావాల్నే. మనం పెట్టిన హద్దు దాటిందా లేదా అని తీర్పు చెప్పడమే వాని పని. దాటితే రిలే పడాల, మోటరు ఆగాల. ఆడ వానికి దయ ఉండకూడదు.”

అప్పుడు నేను ధర్మశాస్త్రంలోని ఒక చిన్న ఆజ్ఞ చదివి వినిపించాను. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె మీద పిట్టగోడ కట్టాలని, కట్టక ఎవరైనా పడి చస్తే ఆ రక్తం ఆ ఇంటి మీద ఉంటుందని. ఆయన సోల్డరింగు ఐరన్ పక్కన పెట్టాడు. “ఇంకోతూరి చదువు” అన్నాడు. మళ్లీ చదివాను. “మీ దేవునికి కరెంటు పని తెలుసప్పా” అన్నాడు.

మరి ఆ పిట్టగోడను మనం ఏం చేశాం? కేబులు జాయింటు తడిసి కరెంటు నేలలోకి పారితే బోర్డు మోటారును ఆపేది. మనం కేబులును తిట్టలేదు, బోర్డును తిట్టాం. “మామా, నీ బోర్డుకు తిక్క పట్టింది” అని ఒకాయన నా ముందే అన్నాడు. “తిక్క దానికి కాదప్పా, నీ కేబులుకు” అన్నాడు మామ. కేబులు పైకి లాగాలంటే ఒక పూట పని. ఉన్న కాసేపటి కరెంటులోనే చెట్లకు నీళ్లు పారాలి. అందుకని రిలే రెండు కొసలనూ జానెడు తీగతో కలిపేశాం. ఇక చిప్పు ఎంత అరిచినా మోటారు ఆగదు. కావలివాణ్ని గేటు దగ్గరే నిలబెట్టి, నోట్లో గుడ్డ కుక్కాం.

గురువారం ఆ తోటలో జరిగింది కూడా అదే. మోటారు మూలుగుతోందని రైతు పిలిచాడు. ఎర్తు గుంత నీళ్లు లేక ఎండిపోయింది. పెట్టె లోపల మోటారు తీగ తోలు చెక్కుకుపోయి పెట్టె ఇనుముకు తగిలింది. డ్రిప్పు పైపు కారి కింద మన్ను తడిగా ఉంది. “బోర్డు పని చేస్తాందా?” అని మామ అడిగాడట. “చేస్తాంది మామా” అన్నాడట రైతు. బోర్డు పనిచేస్తోందంటే మామకు ఇంకో పరీక్ష అక్కర్లేదు. తన పని మీద తనకు అంత నమ్మకం. మొదటిసారి వేళ్ల వెనకతో కాక, అరచేత్తో పెట్టె గడియ పట్టుకున్నాడు.

అంత్యక్రియలైన సాయంత్రం వాకిట్లో ఒక పెద్దాయన నన్ను చూసి అన్నాడు, “దేవుని చిత్తమప్పా, ఆయుస్సు తీరింది. నువ్వు నాలుగు మాటలు చెప్పు.” నేను లేచాను. దేవుడు ఆ తీగ చుట్టలేదు అన్నాను. మన సోమరితనానికి దేవుని పేరు పెట్టకండి అన్నాను. పిట్టగోడ పడగొట్టినవాడు ఈ వాకిట్లోనే ఉన్నాడు, వాని ఇంటి మీద రక్తముంది అని వేలు చూపించి అరిచాను. మిద్దెకు తగిలేంత అరిచాను.

ఆ రైతు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. “నేనే వేసినా అన్నా. మామకు చెప్పేదానికి సిగ్గైంది, అంతే. అయితే నాకది తెలిసింది యాడ? మీ మందిరం కాడ కూడికలప్పుడు నువ్వు ఏయించింటివి చూడు, దాన్ని చూసే వేసినా.”

అది నిజం. ఎండాకాలం కూడికలకు జనం వచ్చారు, మందిరం బోరు దగ్గర బోర్డు మాటిమాటికీ మోటారు ఆపేసింది, తీగ వేయమని నేనే చెప్పాను. ఆ బోర్డు మీద, ఎర్ర లైటును కప్పేలా, వాక్యం రాసిన స్టిక్కరు కూడా అంటించాం. ఆ తర్వాత టీ తాగేటప్పుడు మామ ఎన్నిసార్లు అడిగాడో. “మందిరం కాడ బోర్డు ఎట్లుండాది అల్లుడూ?” “బాగుండాది మామా.” వాక్యం చెప్పే నోటితోనే చెప్పాను. రైతు ఒకసారి ఆడిన అబద్ధాన్ని నేను నెలల తరబడి ఆడాను. ఇన్నాళ్లూ నా మాటలన్నీ ప్లస్సు చెవిలోనే విన్నాను. ఆ రోజు మొదటిసారి మైనస్సు చెవిలో పడ్డాయి.

అత్త, ఆయన భార్య, లోపలికి వెళ్లి మామ కటింగు ప్లేయరు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏడవలేదు. “ప్రార్థన మళ్లా చేద్దువులే. ముందు మీ మందిరం తీగ కోసిరా పో” అంది.

వెళ్లాను. లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపాడు, కేబులు పని తెలిసినాయన పక్కన నిలబడి చూపించాడు, తీగ కోశాను. కరెంటు ఇచ్చి మోటారు వేశారు. టక్. ఆగిపోయింది. ఎర్ర లైటు వెలిగింది. అంటే ఇన్నాళ్లూ మా మోటారు నేలలోకి కరెంటు పారిస్తూనే ఉంది. ఆ కొళాయి దగ్గరే మా ఆడవాళ్లు వట్టి కాళ్లతో నిలబడి బిందెలు పట్టారు. రేపు కేబులు పైకి లాగుతాం. అంతవరకు ఆ కొళాయి ఎండిపోయే ఉంటుంది, స్టిక్కరు చింపేసిన చోట ఆ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది.

మీరు ఈ కాగితం మడిచి పక్కన పెట్టకండి. ఆదివారం చూద్దామనుకోకండి. లైన్‌మన్‌కు ఇప్పుడే ఫోను చేసి కరెంటు ఆపించండి, పని తెలిసినవాణ్ని పిలిచి పెట్టె తెరిపించండి, తీగ ఉంటే తీయించండి. చెప్పడానికి సిగ్గనిపిస్తే నా పేరు చెప్పండి, ముందు వేయించింది ఆ ప్రసంగీకుడేనని. లేవండి. ఈ పొద్దు వాలకముందే మీ బోరు దగ్గర ఆ టక్ వినపడాలి.