గాలి తీసేసిన కూర

1991 జనవరి. యుద్ధం మొదలై వారం దాటింది. సౌదీ అరేబియా తూర్పు తీరాన, అల్ ఖోబర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో నేను స్టాఫ్ నర్సుని. మాది తెనాలి దగ్గర పల్లె. సౌదీకి వెళ్ళి అప్పటికి నాలుగేళ్ళు.

విషవాయువు క్షిపణులు పడతాయన్న భయంతో వార్డు కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ షీట్లు కప్పి టేపు అంటించాం. ప్రతి నర్సు భుజానికీ గ్యాస్ మాస్కు సంచీ వేలాడేది. గ్యాసు తగిలిన మనిషి ఎలా ఉంటాడో డిసెంబరులోనే మాకు క్లాసు చెప్పారు. నోటి వెంట చొంగ, కళ్ళ వెంట నీళ్ళు, కంటిపాప సూదిమొనంతకి ముడుచుకుపోవడం. ఇవి చూస్తే చాలు, ముందు మీ మాస్కు పెట్టుకోండి, తర్వాతే రోగి అన్నారు.

ఆ రోజు పొద్దున్న ఏడున్నరకి కంపెనీ వ్యానులో గంగారాంని తీసుకొచ్చారు. జగిత్యాల వైపు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. అజీజియాలో అమెరికన్ కుటుంబాలుండే విల్లాల్లో ఏసీలు, పైపులు బాగుచేసే పని. రెండు కనురెప్పలూ వాలిపోయి ఉన్నాయి. మాట ముద్దగా వస్తోంది. వెంట వచ్చిన పాకిస్తానీ ఫోర్‌మన్ గుమ్మంలోంచే "గ్యాస్ హై సిస్టర్, గ్యాస్!" అని అరిచాడు. ముందురోజు సైరన్ మోగినప్పుడు గంగారాం మేడమీద ఏసీ దగ్గర ఉన్నాడట.

ఆ మాట చాలింది. అందరం మాస్కులు తగిలించుకున్నాం. అతని బట్టలు కత్తిరించి తీసేసి, ఒళ్ళు కడిగి, చివరి గదిలో ఒంటరిగా పడుకోబెట్టాం. డ్యూటీ డాక్టరు కొత్తవాడు. సివిల్ డిఫెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చి చెప్పేదాకా అవసరమైతే తప్ప ఎవరూ లోపలికి వెళ్ళొద్దన్నాడు.

ఎనిమిదింటికి ఆక్సిజన్ పెట్టడానికి నేనే వెళ్ళాను. రెప్ప ఎత్తి టార్చి వేశాను. కంటిపాప ముడుచుకోలేదు సరికదా, పెద్దగా విచ్చుకుని ఉంది. నోట్లో చొంగ లేదు. నాలుక ఎండి అంగిలికి అతుక్కుపోయింది. "నీళ్ళు" అన్నాడు, తెలుగులో. నేను తడిగుడ్డతో పెదాలు తుడిచి బయటికి వచ్చేశాను. చూసినదంతా చార్టులో రాశాను. నోటితో ఎవరికీ చెప్పలేదు. నాకు భయంగా ఉంది. పైగా డాక్టరు గ్యాసు అన్నాక కాదనడానికి నేనెవర్ని అనుకున్నాను.

పన్నెండింటికి డాక్టర్ ఇద్రీస్ డ్యూటీకి వచ్చారు. సూడాన్ ఆయన, అరవైకి దగ్గరపడిన మనిషి. చార్టు చదివి, మాస్కు తీసి బల్ల మీద పెట్టి, నేరుగా గంగారాం గదిలోకి నడిచారు. రెండు నిమిషాల్లో నన్ను పిలిచారు.

"ఇది గ్యాసు కాదు. గ్యాసు గుర్తులకి అన్నీ తలకిందులుగా ఉన్నాయి. ఏం తిన్నాడో అడిగారా?"

ఫోర్‌మన్ అందుకున్నాడు. అందరూ మెస్సులోనే తిన్నారని, తక్కిన నలభైమందీ బాగానే ఉన్నారని ఉర్దూలో చెప్పాడు. డాక్టరు తల అడ్డంగా ఊపి నా వైపు తిరిగారు. "ఇతను మీ భాషవాడేగా. మీరు అడగండి."

మంచం పక్కన వంగాను. "గంగారామన్నా, మెస్సులో కాకుండా ఇంకేమన్నా తిన్నావా?"

తెలుగు వినేసరికి తల కాస్త కదిలింది. "ఆలుగడ్డ కూర... మొన్న మాపటికి. నేనే వండిన."

"మొన్న వండావా?"

"గాదక్కా. పది దినాలైంది. మిషిన్ల వెట్టి గాలి తీసిన. గాలి లేకుంటె పాడుగాదు గద."

అతను ఆగి ఆగి చెప్పింది, తర్వాత ఫోర్‌మన్ చెప్పింది కలిపితే జరిగిన సంగతి ఇది. అక్టోబరులో ఒక అమెరికన్ కుటుంబం విల్లా ఖాళీ చేసి వెళ్ళిపోతున్నప్పుడు, ఇంటి మేడమ్ తన వాక్యూమ్ సీలర్‌ని గంగారాంకి ఇచ్చేసింది. ప్లాస్టిక్ సంచిలో ఆహారం పెట్టి, లోపలి గాలి లాగేసి, మూతి వేడితో అతికించే చిన్న యంత్రం అది. ఆమె దాంతో మాంసమూ కూరలూ కట్టడం అతను చాలాసార్లు చూశాడు. కట్టినవన్నీ ఆమె వెంటనే ఫ్రీజర్‌లో పెట్టేదన్నది అతని కంట పడలేదు. యంత్రంతో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది.

యుద్ధం వస్తే మెస్సు మూసేస్తారని, దుకాణాల్లో బియ్యం కూడా దొరకదని కంపెనీ పనివాళ్ళుండే క్యాంపులో పుకారు లేచింది. గదికి ఆరుగురు, ఫ్రిజ్ లేదు. గంగారాం ఒక శుక్రవారం కూర్చుని నూనె, వెల్లుల్లి దండిగా వేసి ఆలుగడ్డ కూర వండాడు. పులుపు పడితే గడ్డ సరిగా ఉడకదని చింతపండు వేయలేదు. పాకెట్లు కట్టి, అట్టపెట్టెలో సర్ది, మంచం కింద పెట్టాడు. మొన్న సాయంత్రం సైరన్ మోగి వంటగది మూసేస్తే, ఒక పాకెట్ చింపి, వేడిచేయకుండానే రొట్టెలోకి తిన్నాడు.

డాక్టరు నాకు క్లుప్తంగా చెప్పారు. దీన్ని బోట్యులిజం అంటారు. మట్టిలో ఉండే ఒక క్రిమి, ఉడికించినా పూర్తిగా చావకుండా విత్తులా ముడుచుకుని ఉంటుంది. గాలి ఉన్నచోట లేవదు. గాలి లేకుండా, పులుపు లేకుండా, చల్లదనం లేకుండా పడి ఉన్న ఆహారంలో లేచి విషం కక్కుతుంది. ఆ విషం కళ్ళతో మొదలుపెట్టి కిందికి దిగుతూ, ఊపిరి కండరాలదాకా ఒక్కొక్కటే చచ్చుబడేస్తుంది. "తెలివి మాత్రం పోదు" అన్నారు. వెంటనే, "ఇంకెవరు తిన్నారో అడగండి" అన్నారు.

అడిగాను. గంగారాం పెదాలు చాలాసేపు కదిలాయి.

"మస్తాన్... మస్తాన్‌కు రొండిచ్చిన. బండిల తీస్కవోయిండు."

మస్తాన్‌ది ప్రొద్దుటూరు. గంగారాం గదిలోనే ఉండే లారీ డ్రైవరు. మంచినీళ్ళ సీసాల లోడుతో ముందురోజు పొద్దున్నే, ఉత్తరాన సరిహద్దు దగ్గరున్న హఫర్ అల్ బాతిన్ వైపు బయల్దేరాడు. దారిలో వాళ్ళ కంపెనీ డిపో ఉందని, అక్కడ ఫోన్ ఉందని ఫోర్‌మన్ చెప్పాడు. లైన్లు దొరకడం కష్టంగా ఉన్న రోజులవి. పన్నెండున్నర నుంచి తిప్పితే రెండింటికి దొరికింది. డిపోలో మలయాళీ గుమస్తా ఎత్తాడు.

"మస్తాన్ భాయా? పదకొండున్నరదాకా ఇక్కడే ఉన్నాడు సిస్టర్. ముందుకి పోవచ్చని పైనుంచి మాట రాక పొద్దుటినుంచి లారీలన్నీ ఆపేశారు. ఇక్కడే భోంచేసి వెళ్ళాడు."

"ఏం తిన్నాడు?"

"ఏదో ప్లాస్టిక్ పాకెట్‌లో కూర. ఖాళీ సంచి ఇంకా బల్లమీదే ఉంది."

విషయం చెప్పి, ఎలాగైనా ఆపమన్నాను. వాళ్ళు ఇంకో డ్రైవరుని వెనకాల పంపారు. సాయంత్రానికి అతను మస్తాన్‌ని కలిశాడు. మస్తాన్ నవ్వాడట. "నాకేమైంది బ్బా? కూర బాగుండాది. సరుకు దించేసి ఆస్పత్రికి పోతాలే" అన్నాడట. రెండో పాకెట్ మాత్రం ఇచ్చేశాడు. మర్నాడు మధ్యాహ్నానికి రోడ్డు రెండుగా కనబడుతోందని లారీ పక్కకి తీసి ఆపాడు. దగ్గర్లోని చిన్న క్లినిక్‌కి చేర్చారు. అక్కడ వెంటిలేటర్ లేదు. అంబులెన్సు వచ్చేలోపే పోయాడు. అతన్ని అక్కడే ఖననం చేశారు.

ఇక్కడ గంగారాంకి ఆ సాయంత్రమే ఊపిరి ఆగబోయింది. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్‌కి కలిపాం. విషానికి విరుగుడైన యాంటీటాక్సిన్ రియాద్ నుంచి మూడో రోజుకి వచ్చింది. అది కొత్తగా నష్టం జరగకుండా ఆపుతుందే కానీ, చచ్చుబడ్డ కండరాలని లేపలేదు. అవి తమంతట తాము రావాలి. రెప్పలు మూసుకుని, కదలకుండా, అన్నీ వింటూ ఏడు వారాలు పడుకున్నాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే ఆడేది. ఒకసారి కదిపితే అవును, రెండుసార్లు కదిపితే కాదు. నా అరచెయ్యి దానికింద పెడితే రోజూ ఒకే అక్షరం గీసేవాడు. "మ".

గొట్టం తీసేదాకా మస్తాన్ సంగతి చెప్పొద్దని డాక్టరు ఆజ్ఞ. "ఫోన్ దొరకలేదన్నా, అడుగుతున్నాను" అనేదాన్ని. ఆ వేలు ఆగిపోయేది. నమ్మాడో లేదో తెలియదు.

యుద్ధం ఆగిపోయింది. కిటికీల టేపులు పీకేశాం. మార్చి నెలలో గంగారాం గొంతులో గొట్టం తీశాం. మాట గాలిలా వచ్చింది.

"మస్తాన్ తిన్నడా?"

"తిన్నాడు."

"ఉన్నడా?"

"లేడన్నా."

"ఎప్పుడు తిన్నడు?"

ఈ ప్రశ్న వస్తుందని నేననుకోలేదు. "నువ్వొచ్చిన రోజే. పదకొండు దాటాక."

"నేను పొద్దుగాల్నే అచ్చిన గద."

"అవును."

"నన్ను ఎవ్వలు అడగలే."

"నేను అడగలేదన్నా. నీ నోట తెలుగు విన్నాను. అయినా అడగలేదు."

అతను నన్ను తిట్టలేదు. పర్లేదనీ అనలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తర్వాత నెలరోజులు అదే వార్డులో ఉన్నాడు. మందు ఇస్తే మింగాడు, నడిపిస్తే నడిచాడు. ఒక్కసారి మాత్రం, "వండింది నేను. నీదేంది" అన్నాడు. అది ఓదార్పో, నన్ను దూరం పెట్టడమో నాకీనాటికీ తేలలేదు. ఏప్రిల్లో పని వదిలేసి, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర వేయించుకుని, కర్ర పట్టుకుని దేశానికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ యంత్రాలు మన ఇళ్ళలోకీ వచ్చాయి. వాడొచ్చా అని అడిగేవాళ్ళకి నిక్షేపంగా వాడమనే చెబుతాను. గాలి తీసినంత మాత్రాన కూర నిలవ ఉండదు, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి, బయట మరిచిపోతే రుచి చూడకుండా పారేయాలి అంటాను. ఆవకాయని బయట కాపాడేది దాని ఉప్పూ పులుపూ, గాలి లేకపోవడం కాదని కూడా చెబుతాను.

ఆ కేసు నాకు నేర్పింది ఇది కాదు. ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. తర్వాత ఇరవై రెండేళ్ళు నర్సుగా చేశాను. డాక్టరు ఏ జబ్బు పేరు చెప్పినా సరే, రోగి పక్కన వంగి, అతని భాషలో నా అంతట నేను అడిగేదాన్ని. ఏం తిన్నావు, నీతో ఎవరు తిన్నారు అని. అడగడానికి నిమిషం కూడా పట్టదు. ఆ రోజు ఎనిమిదింటికి ఆ నిమిషం నా చేతిలోనే ఉంది. ఆ వేళకి మస్తాన్ డిపోలో, ఫోన్ పక్కనే, దారి ఎప్పుడు తెరుస్తారా అని ఊరికే కూర్చుని ఉన్నాడు.