వెలుతురు తినే తొడుగు

మా పెద్దమ్మాయి కూతురు చిన్నప్పుడు దీపం ఆర్పితే ఏడ్చేది కాదు, వెలిగిస్తే ఏడ్చేది. కటిక చీకట్లో సూదికి దారం ఎక్కించేది. ఒకసారి సూదికి సూదినే ఎక్కించింది. అబద్ధమాడితే సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టే బడిలో చదివినవాణ్ణి నేను. శిక్ష ఎంతదానికైనా ఒకటే కనుక చిన్న అబద్ధాల జోలికి పోను.

దాని ఉద్యోగం సంగతి మాత్రం నిజం. డాక్టరేటు అయ్యాక కూడా పరిశోధన చేసే పోస్టులో ఉంది. "ఇంకా చదువు అవలేదా?" అని పక్కింటాయన అడుగుతూంటాడు. "దానిదయింది. ఇప్పుడు దారానికి చెబుతోంది" అంటాను. ఆ దారం పండుమామిడి రంగులో, రబ్బరులా మెత్తగా ఉంటుంది. పగటి వెలుతురు తగిలితే ముడుచుకుంటుంది, చీకట్లో మళ్ళీ సాగుతుంది. ఎర్ర వెలుతురు దాని కంటికి ఆనదు. అందుకని మా పిల్ల పగలంతా ఎర్రబల్బు గదిలో కూర్చుని ఆ దారం తీస్తుంది, అల్లుతుంది. నేనొకసారి ఆ గదిలోకి వెళ్ళి బయటికొస్తే నా బనియను కూడా ఎండకు జడిసి చంకల్లోకి పాకింది.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, నా మనవరాలు, దాని పిన్ని. పిన్ని అంటే నా చిన్నకూతురు, రైల్వే స్టేషన్లో టికెట్ల కౌంటర్లో కూర్చుంటుంది. దీనికి గుడ్లగూబ అని పేరు పెట్టింది ఆవిడే. ఆమధ్య పిన్నికి రొమ్ము క్యాన్సరని ఆపరేషన్ చేసి చంకలో గడ్డలు తీసేశారు. రోగం పోయింది, కానీ కుడిచేతికి నీరు దిగడం మొదలైంది. సాయంత్రమయ్యేసరికి వేళ్ళు ఒకదానికొకటి ఒరుసుకునేంత వాచేవి. డాక్టరు మణికట్టు నుంచి భుజం దాకా వచ్చే ఒంటిరంగు బిగుతు తొడుగొకటి ఇచ్చాడు. అది ఒంటిచేత్తో ఎక్కదు. రోజూ పొద్దున గుడ్లగూబ కూర్చుని లాగాల్సిందే.

"లాగవే! కూడు తినడం లేదా?"

"నువ్వు ఊపిరి బిగబట్టకు పిన్నీ. లోపలికి వెళ్ళాల్సింది చెయ్యి, నువ్వు కాదు."

ఒకరోజు పిన్ని నవ్వుతూనే అంది. "వేసుకోవడానికి ఇంకొకరి చెయ్యి కావాలంటే అది బట్ట కాదే, కట్టు."

తన బతుకు తను ఈడ్చుకుంటూ ఎవరినీ గ్లాసు మంచినీళ్ళు కూడా అడగని మనిషి. గుడ్లగూబ ఆ మాట పట్టుకుంది.

ఆ మాటతో దాని దారానికి ఒక చెయ్యి దొరికింది. చీకటి గదిలో దిండు గలీబులా వదులుగా ఎక్కాలి, వెలుతురులోకి రాగానే మెల్లగా బిగుసుకోవాలి. అలాంటి తొడుగు అల్లడం మొదలుపెట్టింది. ఇసుక నింపిన గుడ్డచేతికి తొడిగి దీపాల కింద పెట్టి చూసింది. బిగిసింది. డాక్టరుకి చూపించి సరేననిపించుకుంది. దాని పైన ఉండే పెద్దసారు మాత్రం, "ఇసుక మాట సరే, మనిషి మాటేంటి?" అన్నాడు.

మొదటిరోజు పిన్ని కర్టెన్లు వేసుకుని తనంతట తనే తొడుక్కుంది. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. కాసేపటికి "ఓసినీ! ఇది నా చెయ్యి పట్టుకుందే!" అంది.

సాయంత్రం చూస్తే చెయ్యి ఎప్పటిలాగే వాచి ఉంది. మర్నాడూ అంతే. చెమటకి దారం చచ్చిపోతోందేమోనని గుడ్లగూబ ఇసుక చేతి మీద ఉప్పునీళ్ళు చల్లింది, వేడి తగిలించింది. అక్కడేమో శుభ్రంగా బిగుస్తోంది. "ఒంటికి పనికిరాదని రాసేద్దాం" అన్నాడు పెద్దసారు. పిల్ల కంచం ముందు కూర్చునేది, తినేది కాదు. "పోనీలేవే, లాగడానికి నువ్వున్నావుగా" అని పిన్ని ఓదార్చబోయింది. అది విని దాని మొహం ఇంకా చిన్నబోయింది.

మర్నాడు మధ్యాహ్నం, అసలు ఆ తొడుగు పగలంతా ఏం చేస్తోందో చూద్దామని అది ఎర్రగదికి తాళం వేసి స్టేషన్‌కి వెళ్ళి, పిన్ని కౌంటరు ముందు లైన్లో నిలబడింది. దాని వంతు వచ్చింది. అద్దం కింది సందులోంచి చెయ్యి బయటికి వచ్చింది. భుజం నుంచి వేళ్ళ దాకా మందపాటి శాలువా!

"ఎక్కడికి?" అంది పిన్ని తలెత్తకుండా.

"మా పిన్ని చేతిదాకా."

పిన్ని తలెత్తింది. మొహంలో రంగు మారింది. "ఆ ఊరికి బండి లేదు. పక్కకి జరుగు, వెనక జనం ఉన్నారు."

"ఏ ఊరండీ అది?" అన్నాడు వెనకాయన.

సాయంత్రం ఇంట్లో పంచాయితీ పెట్టింది గుడ్లగూబ. "వెలుతురు తినే దారాన్ని రోజంతా పస్తు పెట్టావు కదా పిన్నీ! శాలువా ఎందుకని అడిగితే ఏసీ చలి అంటావు. జబ్బని దాచుకుంటున్నావా?"

"జబ్బుకి సిగ్గెందుకే? చావు దాకా వెళ్ళొచ్చాను, కావాలంటే దండోరా వేయిస్తాను. ఆ రంగే నా ప్రాణం తీస్తోంది! పండుమామిడి రంగు గొట్టం వేసుకుని ఒక చెయ్యి బయట పెడితే, టికెట్ కొనేవాడల్లా 'అయ్యో, ఏమైందమ్మా' అంటాడు. రోజంతా అదే కథ ఎంతమందికి చెప్పను?"

"రంగు మార్చలేను. ఆ రంగే దాని నోరు. దాంతోనే వెలుతురు తింటుంది."

నేను మధ్యలో దూరి, "వెనకటికి ఒక రాణిగారికి రెండు చేతులూ పుట్టుకతోనే మామిడి రంగు..." అని మొదలుపెట్టాను.

"నాన్నా, నువ్వు కాసేపు నోరు మూసుకో" అంది పిన్ని. అని, అక్కడే ఆగింది. తన ఎడమ చెయ్యి చాపి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఒసేయ్, దీనికి కూడా ఒకటి అల్లు. ఒక చేతికుంటే జబ్బంటారు. రెండింటికీ ఉంటే షోకంటారు."

గుడ్లగూబ లేచి టేపు తెచ్చి ఆ చేతికి కొలత తీసుకుంది. తీసుకుంటున్నంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది.

రెండోది మామూలు నూలుతో అల్లి అదే రంగు అద్దింది. పెద్దసారు రెండూ బల్ల మీద పెట్టుకుని అడిగాడు. "ఈ ఎడమది ఏం చేస్తుంది?"

"ఏమీ చేయదు సార్. రెండోదానికి తోడు."

"రిపోర్టులో ఏమని రాయను?"

"జత అని రాయండి."

రెండూ వేసుకుని కౌంటర్లో కూర్చున్న మొదటిరోజు సాయంత్రం పిన్ని ఇంటికి వచ్చి నా కళ్ళ ముందు పదివేళ్ళూ చాపింది. కుడిచేతి వేళ్ళ కణుపులు మళ్ళీ కనిపిస్తున్నాయి. ఎవరో కాలేజీ పిల్ల ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయని అడిగిందట.

మర్నాడు పొద్దున గుడ్లగూబ పాత తొడుగు లాగిన అలవాటు కొద్దీ పిన్ని గది ముందుకు వెళ్ళింది. తలుపు వేసి ఉంది. తట్టబోయి ఆగింది. రెండు చేతులనూ ఏం చేయాలో తెలియక ఒకదానితో ఒకటి పట్టుకుని నిలబడింది.

"అక్కడే ఉన్నావటే?" అంది పిన్ని లోపల్నుంచి.

"లేను పిన్నీ."

"లేకపోతే వెళ్ళి టీ పెట్టు. నేను వేసుకుని వస్తున్నా."