తాజ్‌మహల్‌కి సిటీ బస్సు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో నాలుగడుగులు వేస్తే నాలుగు భాషలు నేర్పేవాళ్లు ఎదురయ్యేవాళ్లు. వాటిలో మూడు కంప్యూటర్‌కి సంబంధించినవి, నాలుగోది ఇంగ్లీషు. ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ అయిపోతుంటే నేను మాత్రం పంజాగుట్టలో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవాణ్ని. డ్రాఫ్ట్స్‌మన్ అనగానే ఆకాశాన్నంటే భవనాలు గీసేవాణ్ననుకునేరు. మూడేళ్లపాటు నేను గీసినవి టాయిలెట్లు. కమోడు ఎక్కడ, కుళాయి ఎంత ఎత్తులో, నీళ్లు ఎటు వాలాలి... ఇదీ నా కళాసేవ. (మా అమ్మ మాత్రం అనపర్తిలో అందరికీ "మావాడు హైదరాబాదులో పెద్ద పెద్ద బిల్డింగులు కడుతున్నాడు" అని చెప్పేది. నేను కాదనలేదు. బిల్డింగు అన్నాక అందులో అది కూడా ఉంటుంది కదా.) అలాంటి సమయంలో మా ఆఫీసుకి మస్కట్‌లో పని దొరికింది. అక్కడికి ఒక డ్రాఫ్ట్స్‌మన్‌ని పంపాలి. మా బాసుగారు నన్ను పిలిచి, "ఇంగ్లీషు పరీక్ష రాయవయ్యా. స్పీకింగ్‌లో తొమ్మిదికి ఆరు వస్తే నువ్వే వెళ్తావు. రాకపోతే కాన్వెంటుని పంపుతాను" అన్నారు. కాన్వెంటు అంటే నా పక్క సీటు వాడు. వాడు నిద్రలో కూడా ఇంగ్లీషులోనే ఆవులిస్తాడని మా ఆఫీసులో పేరు.

మొదటిసారి పరీక్షకి వెళ్తే, "నువ్వుండే భవనం గురించి చెప్పు" అని అడిగారు. ఇంతకంటే అదృష్టం ఏముంటుంది, భవనాలే కదా మన వృత్తి! ఛాతీ విరుచుకుని, "జీ ప్లస్ త్రీ. ఈస్ట్ ఫేసింగ్. కార్నర్ బిట్" అన్నాను. అడిగినాయన ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశాడు. నేను ఆయన ఏదో అంటాడని ఎదురుచూశాను. ఇద్దరం అలా ఎదురుచూస్తుండగా టైమ్ అయిపోయింది. ఐదొచ్చింది. ఇంకొక్క అవకాశం ఇస్తానన్నారు బాసుగారు, అదీ నెలన్నర లోపల.

దాంతో మార్వెలస్ సార్ కాళ్ల మీద పడ్డాను. అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ పై గదిలో ఆయన కోచింగ్ సెంటరు. ఆయన పాఠం చెబుతుంటే కిందినుంచి పోపు ఘాటు వచ్చి నలభై మందిమీ ఒకేసారి దగ్గేవాళ్లం. ఏం చెప్పినా "మార్వెలస్" అంటారు కాబట్టి ఆయనకి ఆ పేరు. ఆయన పద్ధతి చాలా సులువు. చిన్నప్పుడు ఏ వ్యాసం ఇచ్చినా ఆవుని తోలుకొచ్చేవాళ్లం చూడండి, అదే. "భవనం అనే మాట వినిపిస్తే చాలండీ, తాజ్‌మహల్! నచ్చిన భవనమా, తాజ్‌మహల్. పాత భవనమా, తాజ్‌మహల్. గుడ్ అనకూడదు, నైస్ అనకూడదు. బ్రెత్‌టేకింగ్ అనాలి. మాగ్నిఫిసెంట్ అనాలి. ఆ మాటకి కళ్లు కొంచెం పెద్దవి చెయ్యాలి" అంటూ ఒక పేజీ జవాబు జిరాక్సు తీసి అందరికీ పంచారు. నలభై మందిమీ ఒకేచోట కళ్లు పెద్దవి చేసేవాళ్లం. మా అందరిలో తాజ్‌మహల్ చూసినవాడు ఒక్కడు లేడు. ఉండబట్టలేక నేనొకసారి లేచి, "సార్, అది చలవరాయే కానీ లోపల ఇటుక గోడ కూడా ఉంటుంది, ఆ సంగతి చెప్పొచ్చా?" అని అడిగాను. "ఏమయ్యా, నువ్వు మాట్లాడ్డానికి వెళ్తున్నావా, ఇల్లు కట్టడానికి వెళ్తున్నావా?" అని కూచోబెట్టారు. (ఆ ప్రశ్నకి జవాబు నాకూ సరిగ్గా తెలియదు.)

నేనుండేది ఎస్.ఆర్. నగర్‌లో, మూడంతస్తుల మేడ మీద డాబాపైన వేసిన ఒక్క గది. పైన సిమెంటు రేకులు, పక్కనే నీళ్ల ట్యాంకు, ఆరుగురు మగాళ్లకి ఒక అద్దం. ఇలాంటి గదిని హైదరాబాదులో పెంట్‌హౌస్ అంటారు. "పెంట్‌హౌస్ ఖాళీ, బ్యాచిలర్స్‌కి ఇవ్వబడును" అని గేటుకి బోర్డులు వేలాడేవి. మా రూమ్మేట్లు మాత్రం మధ్యలో ఒక అక్షరం సాగదీసి 'పెంట హౌస్' అనేవాళ్లు, అదే ఎక్కువ నిజం కూడాను. ఓనర్ని అందరం చాచా అని పిలిచేవాళ్లం. ఆయనకి ఆ మేడంటే ప్రాణం. నాకు ఆ మేడంటే ఒళ్లుమంట. కారణం ఒకటే, ఏడో మెట్టు. రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి ఎక్కుతుంటే ఏడో మెట్టు మిగతా వాటికంటే సరిగ్గా రెండంగుళాలు ఎత్తు. (నేను టేపు పెట్టి కొలిచాను.) అక్కడ కాలు తట్టుకోని మనిషి లేడు. ఎందుకిలా అయిందని చాచాని అడిగితే ఏమాత్రం సిగ్గుపడకుండా చెప్పాడు. "ఇద్దరు మేస్త్రీలు బేటా. ఒకడు కిందికెల్లి కట్టుకుంట వచ్చిండు, ఒకడు పైకెల్లి కట్టుకుంట వచ్చిండు. ఆడ కలిసిండ్రు. జర ఫరక్ వచ్చింది. ఫికర్ చెయ్యకు, రేపు చేపిస్త." ఆ రేపు కోసం నేను మూడేళ్లు ఎదురుచూశాను.

రోజూ పొద్దున్నే డాబా మీద ట్యాంకుకి ఎదురుగా నిలబడి, కళ్లు పెద్దవి చేసి, తాజ్‌మహల్ అప్పజెప్పేవాణ్ని. ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి చాచా పైకొచ్చేవాడు. పది రోజులు ఓపిక పట్టాడు. పదకొండో రోజు ఇక పట్టలేకపోయాడు.

"ఏంది బేటా, రోజు పొద్దుగాల గా తాజ్‌మహల్ జపం? ఎప్పుడన్న పోయినవా ఆడికి?"

"లేదు చాచా."

"నేను సుత పోలే. చూడనిదాన్ని గంతగనం తారీఫ్ చేస్తే దొంగసాక్ష్యం చెప్పినట్టుంటది. నా బిల్డింగ్ గురించి చెప్పు. రోజు ఎక్కుతున్నవ్, దిగుతున్నవ్."

"మీ బిల్డింగ్ గురించి ఏం చెప్పమంటారు చాచా? ఏడో మెట్టు గురించా?"

"చెప్పు! ఉన్నదే గదా. రేపు చేపిస్త గానీ, నువ్వు చెప్పు."

నాకు తిక్క రేగింది. మస్కట్ వెళ్లాల్సిన మనిషిని పట్టుకుని ఎస్.ఆర్. నగర్ మెట్ల గురించి చెప్పమంటాడేమిటి? ఆయన దిగి వెళ్లేదాకా మళ్లీ మొదటినుంచి, ఇంకాస్త గట్టిగా, మాగ్నిఫిసెంట్ అని అరిచాను.

పరీక్ష రోజు వచ్చింది. ఎదురుగా నెరిసిన జుట్టున్న ఒక దొరసాని. సౌమ్యంగా నవ్వి కార్డు నా ముందుకి తోసింది. "నీకు నచ్చిన భవనం" అని ఉంటుందనుకుంటే, ఆ పాడు కార్డు మీద "నువ్వు తరచుగా వెళ్లే ఒక భవనం" అని ఉంది. తరచుగా! మార్వెలస్ సార్ ఈ మాట ఎక్కడా చెప్పలేదు. నోరు మాత్రం నెలన్నర అలవాటు కొద్దీ తనంతట తాను తెరుచుకుని, "ఐ ఆఫెన్ గో టు తాజ్‌మహల్" అనేసింది.

అభ్యర్థి మాట్లాడుతుంటే ఆవిడ మధ్యలో కల్పించుకోకూడదట. కానీ ఆవిడా మనిషే కదా. "తరచుగానా?" అంది.

"ఎవ్రీ సండే, మేడమ్."

"హైదరాబాదు నుంచి? ఎలా వెళ్తావు?"

"సిటీ బస్సు, మేడమ్" అన్నాను.

అన్నాక నా చెవులకే వినిపించింది. అమీర్‌పేట చౌరస్తాలో ఆగ్రా బోర్డుతో సిటీ బస్సు వచ్చి ఆగినట్టూ, నేను ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నట్టూ కళ్లకి కట్టింది. ఆవిడ పెదాలు బిగబట్టుకుని కాగితం వైపు చూస్తోంది. మస్కట్ పోయింది, కాన్వెంటు విమానం ఎక్కేశాడు, నేను రిటైరయ్యేదాకా టాయిలెట్లే. ఇంక దాచేదేముంది? "సారీ మేడమ్, నేను తాజ్‌మహల్ ఎప్పుడూ చూడలేదు. నేను తరచుగా వెళ్లేది మా ఇంటికే. ఐ లివ్ ఇన్ ఎ పెంట్‌హౌస్" అన్నాను.

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. నా చొక్కా కాలరు వైపు ఒకసారి, అరిగిన చెప్పుల వైపు ఒకసారి చూసి, "హౌ లక్కీ!" అంది.

అదృష్టమట! మూడేళ్ల ఉక్రోషం ఒక్కసారి తన్నుకొచ్చింది. "వాట్ లక్కీ, మేడమ్?" అని మొదలుపెట్టాను. ఎండాకాలం రేకులు కాలిపోతుంటే బకెట్లతో నీళ్లు పోస్తామని చెప్పాను. ట్యాంకు పొర్లితే మా చాపలు తడుస్తాయని చెప్పాను. అద్దం ముందు ఆరుగురం ఎత్తుల వారీగా నిలబడి ఒకేసారి తల దువ్వుకుంటామని లేచి నిలబడి మరీ చూపించాను. (ఇదంతా ఇంగ్లీషులోనే. వ్యాకరణం సంగతి అడక్కండి.) ఆ తర్వాత ఏడో మెట్టు దగ్గరికొచ్చాను. కిందినుంచి ఒక మేస్త్రీ, పైనుంచి ఒక మేస్త్రీ, మధ్యలో రెండంగుళాలు! ఆవిడ కలం పక్కన పెట్టేసి, "మరి బాగు చేయించరా?" అంది. "ఓనర్ ఈజ్ టెల్లింగ్ టుమారో, మేడమ్. ఫ్రమ్ త్రీ ఇయర్స్, టుమారో!" అన్నాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టైమ్ అయిపోయిందని ఒకసారి చెయ్యెత్తింది. నేను ఆగలేదు. రెండోసారి ఎత్తింది. "వన్ మినిట్ మేడమ్, చాచా గురించి చెప్పలేదు" అన్నాను. చాచా గురించి కూడా చెప్పాను. బిల్డింగు తయారయ్యాక ఆయన గచ్చు ఆరీ ఆరకముందే కిందినుంచి పైదాకా ఉత్తికాళ్లతో ఎక్కాడని, మొట్టమొదట ఏడో మెట్టు దగ్గర పడ్డది ఆయనేనని చెప్పి అప్పుడు నోరు మూశాను.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడి నన్ను నేను తిట్టుకున్నాను. పరాయి దేశపు మనిషి ముందు ఇంటి గుట్టు, మేస్త్రీల గుట్టు, అన్నీ బయటపెట్టి వచ్చాను. రెండు వారాలు ఆఫీసులో కాన్వెంటు మొహం చూడలేకపోయాను.

ఆరున్నర వచ్చింది. నేను ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. చాచాకి చెబితే, "చూసినవా, నా బిల్డింగ్ పాస్ అయింది!" అన్నాడు, నేను పాసైన సంగతి పెద్దగా పట్టించుకోకుండా. మార్వెలస్ సార్‌కి మిఠాయి డబ్బా తీసుకెళ్తే, "చూశారా, తాజ్‌మహల్ పని చేసింది!" అని క్లాసుకి చూపించారు. నేను పక్కకి పిలిచి జరిగింది చెప్పాను. ఆయన వెంటనే కాగితం కలం తీసి, "అలాగా... ఏదీ, మొత్తం మళ్లీ చెప్పండి" అన్నారు. నేనూ వెర్రివాణ్ని, చెప్పాను. వీడ్కోలు చెప్పడానికి వారం తర్వాత వెళ్తే మెట్ల దగ్గరే వినిపించింది. నలభై గొంతులు ఒకేసారి, "ఐ లివ్ ఇన్ ఎ పెంట్‌హౌస్!" మధురానగర్ హాస్టల్ అమ్మాయిలు, సొంత ఇంట్లో నేలమీద తప్ప మేడ మీద ఉండి ఎరగనివాళ్లు, అందరూ చాచా ఏడో మెట్టు దగ్గర తట్టుకుని పడుతున్నారు. కళ్లు పెద్దవి చేసి మరీ పడుతున్నారు.

మస్కట్ వెళ్లాక నా బల్ల మీద పెట్టిన మొదటి పని ఒక పెంట్‌హౌస్. నిజం పెంట్‌హౌస్! అంతస్తంతా ఒకే ఇల్లు, కిటికీలోంచి సముద్రం. అప్పుడర్థమైంది ఆవిడ నా చెప్పుల వైపు ఎందుకు చూసిందో. ఒక్కణ్నే కూచుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఆ పెంట్‌హౌస్‌లో నాకిచ్చిన భాగం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఐదు టాయిలెట్లు.

ఈమధ్య పనిమీద అమీర్‌పేట వెళ్లినప్పుడు ఫుట్‌పాత్ మీద ఇంగ్లీషు పరీక్షల పుస్తకాలు చూస్తూ నిలబడ్డాను. స్పైరల్ బైండింగ్ చేసిన ఒక జిరాక్సు పుస్తకంలో 'భవనాలు: మోడల్ ఆన్సర్' అన్న పేజీ తగిలింది. చదువుతుంటే చెమటలు పట్టాయి. పెంట్‌హౌస్ ఉంది, ట్యాంకు ఉంది, ఇద్దరు మేస్త్రీలు కూడా ఉన్నారు. కాకపోతే ఏళ్ల తరబడి ఎంతమంది సార్లు దాన్ని దిద్దారో, రేకులు పోయి పాలరాయి వచ్చింది, ట్యాంకు ఈతకొలను అయింది. మేస్త్రీలిద్దరూ మహాశిల్పులయ్యారు. మెట్లు అన్నీ మాగ్నిఫిసెంట్‌గా, ఒక్క నూలు తేడా లేకుండా ఉన్నాయట.

పుస్తకం కొనుక్కుని ఎస్.ఆర్. నగర్ దాకా నడిచాను. ఆ మేడ లేదు. లిఫ్టు ఉన్న అపార్టుమెంటు వెలిసింది. చాచా కూడా లేడని ఎదురు కిరాణా కొట్టాయన చెప్పాడు. ఆ కొట్టు మెట్టు మీదే కూచుని మళ్లీ ఆ పేజీ తీశాను. చాచా మూడేళ్లపాటు రేపు రేపు అన్న పని ఎవరో చేసేశారు. మనసుకి చాలా కష్టమేసింది. జేబులోంచి పెన్ను తీసి, మెట్లన్నీ సమానం అన్న వాక్యం చివర, నాకొచ్చిన ఇంగ్లీషులోనే, ఏడో మెట్టు తప్ప, అది రెండంగుళాలు ఎత్తు, ఓనర్ రేపు చేయిస్తానన్నాడు అని రాసిపెట్టాను. టేపు పట్టుకుని ఆ మెట్టుని తిట్టిపోసిన కుర్రాడు చూస్తే ఏమనేవాడో.