ఈస్టరు బట్టకెక్కిన మోదుగు రంగు

పొద్దున బాల్కనీ తలుపు తీస్తే, చలికాలమంతా ఉత్త మట్టే అనుకొని మూలకు తోసేసిన కుండీలో పసుపుపచ్చని పూలు తలలూపుతున్నాయి. నేను పెట్టలేదు, నీళ్లు పోయలేదు, రమ్మని పిలవలేదు. ఈ ఇంగ్లాండులో నర్సు పని చేసి రిటైరయ్యాను. ఆగని ముసురుకు, ఉప్పు తగలని కూరలకు, మెట్ల మీద ఎదురైతే వాన గురించి తప్ప మరో మాట ఎత్తని మనుషులకు అలవాటుపడ్డాను గాని, ఈ పసుపు పూలను చూస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

లక్సెట్టిపేటలో మాది మిషను కాంపౌండులో ఇచ్చిన ఇల్లు. మా నాన్న, బాపు, గేటు దగ్గర కావలి; అమ్మ, మాకు అవ్వ, మిషను చర్చి గుడి బట్టలు ఉతికి గంజి పెట్టేది. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. ఎండలు ముదిరే ముందు గోదావరి గాలికి ఇప్పపూల వాసన వచ్చేది, మామిడి పిందెలకు ఉప్పూకారం అద్దుకొని పళ్లు పులిసేదాకా తినేవాళ్లం, కాముని పున్నమికి ఊరి పిల్లలంతా కోలలు పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతుంటే మేం గోడ వెనక నిలబడి చూసేవాళ్లం. హోలీ రంగులాట మనది కాదని మిషను నడిపే తెల్ల దొరసాని హుకుం. అవ్వకు అది మింగుడుపడలేదు. కట్టెలకు పోయినప్పుడు కొంగునిండా మోదుగుపూలు తెచ్చి, బట్టలు ఉడకేసే మట్టికుండలోనే ఉడికించి, ఆ రంగు నీళ్లు ఇంటి వెనక మా మీద చల్లింది.

"జర సప్పుడు చెయ్యకుండ్రి," అంటూనే అందరికన్నా గట్టిగా తనే నవ్వింది.

ఆ ఏడు పున్నమి వెంటనే ఈస్టరు వచ్చింది. కుండను బూడిద పెట్టి తెల్లగా తోమాననుకుంది పిచ్చితల్లి. మట్టి రంగు తాగుతుందని, చౌడు నీళ్లలో మళ్లీ కక్కుతుందని తోచలేదు. గుడి బల్ల మీద పరిచే తెల్లబట్ట, పాస్టరు అయ్యగారి అంగీ పసుపుపచ్చగా తేలాయి. ఎంత ఉతికినా వదల్లేదు.

"నీవు విగ్రహముల పండుగ చేసితివి," అంది దొరసాని. ఆమెకు వచ్చింది బైబిలు తెలుగే. పండుగనాడు సంఘమంతటి ముందు క్షమాపణ అడగాలి, లేదంటే ఇల్లు ఖాళీ చేయాలి.

"పోరగాండ్ల మీద రంగు నీళ్లు సల్లితే పాపమెట్లయితది? నేనడుగ," అంది అవ్వ.

"ఇల్లు పోతదే. నోర్మూసుకొని అడుగు," అన్నాడు బాపు.

ఆ మాటకు బాపును నేనీనాటికీ క్షమించలేదు. అవ్వ అడిగింది. కొంగు నెత్తిన కప్పుకొని, నేల చూస్తూ, అందరి ముందూ అడిగింది. దొరసాని తలూపింది. ఆ తర్వాత చచ్చేదాకా అవ్వ జడలో పువ్వు పెట్టుకోలేదు, అట్లా నవ్వనూ లేదు.

ఇప్పుడు ఆ కాంపౌండు లేదట, దుకాణాలు లేచాయట. బాపూ దొరసానీ ఎవరి మట్టిలో వాళ్లు కలిశారు.

మధ్యాహ్నం కింది అంతస్తు ముసలావిడ తలుపు కొట్టింది. చలికాలం ముందు నేను జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నేనిచ్చిన తాళంతో వచ్చి ఆ పూల దుంపలు నాటింది తనేనట, నన్ను సంతోషపెట్టాలని. "వచ్చే ఆదివారం కోసి తీసుకురా, చర్చిలో తెల్లబట్ట మీద పెడదాం. ఈస్టరుకు పసుపే కదా అందం!" అంది.

నాకు ఇంగ్లీషు నోట్లోంచి ఎగిరిపోయింది. "మరి మా అవ్వను మాఫీ ఎవలడగాలె?" అని అరిచాను.

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. థాంక్స్ చెప్పాననుకొని, నా చెయ్యి నొక్కి, నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది.